హైదరాబాద్ నుంచి డల్లాస్: దూరం ఎంత, నిజంగా పట్టే సమయం ఎంత?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఖమ్మంలో ఉండే మీ అమ్మగారు జూన్‌లో మొదటిసారి, అదీ ఒంటరిగా, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మీ ఇంటికి వస్తున్నారు. హైదరాబాద్, డల్లాస్ మధ్య దూరం 14,400 కిలోమీటర్ల పైచిలుకు అని ఇంటర్నెట్‌లో చూశారు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి పదహారు గంటల్లో చేరాలని లెక్క వేశారు. దోహా మీదుగా వెళ్లే టికెట్‌లో చూస్తే తెల్లవారుజామున 3:30కి బయలుదేరి, అదే తేదీ సాయంత్రం 4:00కి దిగుతున్నట్టు ఉంది. అంటే పన్నెండున్నర గంటలే. ఏజెంటు మాత్రం 23 గంటలని చెప్పారు. ఈ మూడింటిలో ఏది నిజం, మీరు చూసిన రెండు టికెట్లలో (ఒకటి ఈ దోహా దారి, రెండోది ఢిల్లీ, న్యూయార్క్ మీదుగా) అమ్మను ఏ దారిలో పంపితే మంచిదని మీ ప్రశ్న.

మీ ఏజెంటు చెప్పిన 23 గంటలే నిజం. అది కూడా శంషాబాద్‌లో విమానం కదిలినప్పటి నుంచి డల్లాస్‌లో ఆగేవరకు పట్టే సమయం మాత్రమే. ఖమ్మంలో ఇంటి తలుపు వేసినప్పటి నుంచి ఫ్రిస్కోలో మీ ఇంట్లో అడుగుపెట్టేవరకు లెక్కిస్తే దాదాపు 34 గంటలు అవుతుంది. మీ అమ్మగారికి చెప్పాల్సింది ఈ 34 గంటల లెక్కే. కిలోమీటర్ల సంఖ్య ఆవిడకు ఏ విధంగానూ పనికిరాదు.

నేను హైదరాబాద్‌లో విమాన టికెట్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులే. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు దూరం సంగతి. 14,400 అన్న లెక్క సరైనదే. అది రెండు విమానాశ్రయాల మధ్య భూగోళం ఉపరితలం మీద అతి దగ్గరి దారి. గోడకు వేలాడే మ్యాపులో చూస్తే హైదరాబాద్ నుంచి పడమరగా అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్లాలనిపిస్తుంది. మీ ఇంట్లో గ్లోబు ఉంటే దారం పెట్టి చూడండి. దారం దాదాపు నిటారుగా ఉత్తరానికి వెళ్లి, ధ్రువం పక్కనుంచి అవతలి వైపు దిగుతుంది. శంషాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175. ఇంకో 5 డిగ్రీలు ఉంటే అవి సరిగ్గా ఎదురెదురు రేఖాంశాల మీద ఉండేవి.

ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి అక్కడి నుంచి ధ్రువానికి 73 డిగ్రీలు. డల్లాస్ 33 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ధ్రువం నుంచి అక్కడికి 57 డిగ్రీలు. మొత్తం 130. ఒక డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,430 వస్తుంది. మీరు చూసిన సంఖ్యకు ఇది పది ఇరవై కిలోమీటర్ల తేడాతో సరిపోతుంది.

కానీ ఆ దారిలో మీ అమ్మగారు వెళ్లరు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు. ఎక్కడో ఒకచోట మారాల్సిందే. మారే చోటును బట్టి దూరం ఎంత పెరుగుతుందో చూడండి. దోహా మీదుగా వెళ్తే మొదటి అంచె 2,900, రెండోది 12,750, మొత్తం సుమారు 15,650 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 15,470 దాకా ఉంటుంది. లండన్ మీదుగానైనా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానైనా 15,380కి అటూ ఇటూ. గల్ఫ్ దారికీ యూరప్ దారికీ ఉన్న తేడా మూడు వందల కిలోమీటర్లు దాటదు. ఆకాశంలో అది ఇరవై నిమిషాల ప్రయాణం. అందుకే ఏ దారి దగ్గర అని ఎవరైనా అడిగితే, దారిని దూరం చూసి ఎంచుకోవద్దు, మధ్యలో ఆగే సమయం చూసి ఎంచుకోండి అంటాను.

ఇక గంటకు 900 కిలోమీటర్లన్న లెక్క. పెద్ద జెట్ విమానం పైకి వెళ్లాక నిశ్చలమైన గాలిలో ఇంచుమించు ఆ వేగంతోనే వెళ్తుంది. టికెట్ మీద ఉండే సమయం మాత్రం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేవరకు ఉంటుంది. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, విమానం పైకి ఎక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోనే. డల్లాస్ విమానాశ్రయం విస్తీర్ణంలో న్యూయార్క్‌లోని మన్‌హాటన్ కంటే పెద్దది, దిగాక గేటు చేరడానికే చాలాసేపు పట్టే రోజులుంటాయి. వీటికి తోడు ఎదురుగాలి. మధ్య అక్షాంశాల్లో తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది, దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. అమెరికా వెళ్లేటప్పుడు అది ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో దాని జోరు ఇంకా ఎక్కువ.

ఫలితం ఏమిటంటే, దోహా నుంచి డల్లాస్‌కు 12,750 కిలోమీటర్లకు 16 గంటలు పడుతుంది. గంటకు 800 కిలోమీటర్లు పడిందన్నమాట. తిరుగు ప్రయాణంలో అదే దారికి పద్నాలుగున్నర గంటలు చాలు. ఈ 800 లెక్కన చూస్తే హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం ఉన్నా 18 గంటలు పడుతుంది. మధ్యలో దిగి మారడం వల్ల మీ అమ్మగారికి అదనంగా పట్టేది అయిదు గంటలే. మధ్యలో ఆగిన సమయంలో ఆవిడ కాళ్లు చాపుకుని నడుస్తారు, శుభ్రమైన బాత్రూమ్‌కు వెళ్తారు, సీట్లో కాకుండా కుర్చీలో కూర్చుని నాలుగు ముద్దలు తింటారు. అరవై దాటిన మనిషికి పద్దెనిమిది గంటలు ఒకే సీటుకు అతుక్కుని కూర్చోవడం కంటే ఇదే మేలని నా గట్టి అభిప్రాయం.

నేరు విమానం ఎందుకు లేదని మీరు అడగలేదు కానీ, ఈ ప్రశ్న మా దగ్గర రోజూ వస్తుంది. సాంకేతికంగా అది అసాధ్యమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా విమానం నేరుగా ఎగురుతోంది. డల్లాస్‌కే సిడ్నీ నుంచి 13,800 కిలోమీటర్ల నేరు విమానం 2011 నుంచి ఉంది. మన హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా నడిపింది, తర్వాత అది ఆగిపోయింది. ఇంత దూరం వెళ్లాలంటే పెద్ద విమానం గంటకు ఏడెనిమిది టన్నుల ఇంధనం కాల్చుతుంది. చివరి గంటల్లో వాడే ఇంధనాన్ని మొదటి నుంచీ మోసుకుంటూ వెళ్లాలి, ఆ బరువు మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి. ఖర్చు తిరిగి రావాలంటే బిజినెస్ తరగతి సీట్లు ఏడాది పొడవునా నిండాలి. మన దారిలో ఎక్కువమంది తల్లిదండ్రులు, విద్యార్థులు, కుటుంబాలు. వీళ్లు కొనేది ఎకానమీ టికెట్.

ఆకాశంలో దారులు మూసుకుపోవడం మరో కారణం. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల నుంచి అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంస్థల విమానాలు రష్యా మీదుగా వెళ్లడం లేదు. 2025 ఏప్రిల్ నుంచి భారతీయ సంస్థల విమానాలను పాకిస్తాన్ తన గగనతలంలోకి రానివ్వడం లేదు. ఉత్తరంగా వెళ్లే దారిలో ఏదైనా సమస్య వస్తే దిగడానికి తగిన విమానాశ్రయాలు కూడా తక్కువే. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగాల్సి వచ్చింది. ప్రయాణికులు అక్కడ పాఠశాల గదుల్లో కూడా పడుకోవాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగానే వెళ్తాయి కాబట్టి పాకిస్తాన్ ఆంక్ష వాటికి పెద్దగా తగలదు. అయితే గల్ఫ్ దారికి దాని ఇబ్బంది దానికి ఉంది. 2025 జూన్ 23న ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసేస్తే ఎన్నో విమానాలు దారి మళ్లాయి. ప్రయాణానికి ముందు రోజు వార్తలు, విమానయాన సంస్థ సందేశాలు చూసుకోవడం అందుకే అవసరం.

ఇప్పుడు గడియారం దగ్గరికి వద్దాం. అందరూ తికమకపడేది ఇక్కడే. టికెట్ మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. వాటిని నేరుగా తీసివేయకూడదు. డల్లాస్ సమయానికి ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరుగుతుంది, మనకు ఆ పద్ధతి లేదు. మీ అమ్మగారు జూన్‌లో సాయంత్రం 4:00కి దిగుతారు. పదిన్నర కలిపితే మన దగ్గర మర్నాడు తెల్లవారుజామున 2:30. ముందు రోజు 3:30 నుంచి ఈరోజు 2:30 దాకా, అంటే 23 గంటలు. శంషాబాద్ నుంచి దోహాకు నాలుగున్నర గంటలు, దోహాలో రెండున్నర గంటల విరామం, అక్కడి నుంచి పదహారు గంటలు. కూడితే అంతే వస్తుంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి. 15వ తేదీ 3:30 అంటే 14వ తేదీ రాత్రి ఇంటి నుంచి బయలుదేరాలి. కరీంనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన మా దగ్గర టికెట్ తీసుకున్నారు. తేదీ చూసుకుని, పగలంతా బంధువులతో గడిపి, అదే తేదీ రాత్రి భోంచేసి సామాను కారులో పెట్టించారు. విమానం అప్పటికే ఆయన్ను వదిలేసి వెళ్లి పద్దెనిమిది గంటలైంది. అప్పటి నుంచి తెల్లవారుజాము విమానం ఉన్న ప్రతి టికెట్ మీద “ఫలానా వారం రాత్రి బయలుదేరాలి” అని ఎర్ర సిరాతో తెలుగులో రాసి ఇస్తున్నాను. మీరు కూడా అమ్మకు ఫోన్లో తేదీ చెప్పకండి, “శనివారం రాత్రి భోజనం చేసి కారెక్కాలి” అని చెప్పండి.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ విమానాలు అంత అపరాత్రి ఎందుకు బయలుదేరతాయంటే, దోహాలో, దుబాయ్‌లో అమెరికా వెళ్లే విమానాలు ఎక్కువగా ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో వరుసగా లేస్తాయి. మన ఊళ్ల నుంచి జనాన్ని వాటికి అందించాలంటే ఇక్కడ తెల్లవారుజామున లేవక తప్పదు. ఖమ్మం నుంచి శంషాబాద్‌కు కారులో నాలుగు నాలుగున్నర గంటలు పడుతుంది. మీ అమ్మగారు రాత్రి ఏడింటికి బయలుదేరితే పదకొండున్నరకు చేరతారు. విమానానికి నాలుగు గంటల ముందు చేరినట్టు. అంతకంటే ఆలస్యం వద్దు. అర్ధరాత్రి తర్వాత శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాలన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి, సామాను దగ్గరా ఇమిగ్రేషన్ దగ్గరా వరుసలు పెరుగుతాయి.

మధ్యలో ఆగే సమయం మీద కొంచెం ఆగి మాట్లాడాలి. ప్రయాణం సుఖంగా సాగుతుందా, నరకమవుతుందా అన్నది తేలేది అక్కడే. మీరు చూసిన టికెట్‌లో రెండున్నర గంటలు ఉంది. మీలాంటి వయసువాళ్లకు అది సరిపోతుంది. మొదటిసారి వెళ్తూ, ఇంగ్లీషు రాని పెద్దావిడకు నేను మూడు నుంచి నాలుగున్నర గంటలు చూస్తాను. అమెరికా వెళ్లే విమానానికి గేటు దగ్గర మళ్లీ భద్రతా తనిఖీ, పాస్‌పోర్టు పరిశీలన ఉంటాయి, గేటు ముందుగానే మూసేస్తారు. మొదటి విమానం ముప్పావుగంట ఆలస్యమైనా రెండున్నర గంటలు గంటా నలభై అయిదు నిమిషాలకు పడిపోతుంది. అలాగని ఎనిమిది గంటలు దాటే విరామం కూడా తీసుకోకండి. కుర్చీలో కూర్చుని నిద్ర ఆపుకోవడం ఆ వయసులో శరీరాన్ని పిండేస్తుంది.

వీల్‌చైర్ సాయం టికెట్ తీసేటప్పుడే రాయించండి. దీనికి డబ్బు తీసుకోరు. మా అమ్మ బాగానే నడుస్తుంది, వీల్‌చైర్ ఎందుకు అని చాలామంది అంటారు. అక్కడ కుర్చీకన్నా కుర్చీ తోసే మనిషి ముఖ్యం. దోహాలో ఒక గేటు నుంచి మరో గేటుకు, డల్లాస్‌లో ఇమిగ్రేషన్ నుంచి సామాను బెల్టు దాకా, అక్కడి నుంచి బయట మీరు నిలబడిన చోటు దాకా పక్కన ఒక మనిషి ఉంటారు. దారి తప్పుతామన్న భయం ఉండదు. నిజంగా అవసరమున్నవారికే ఇది అందాలన్నది సరైన మాటే. భాష రాని, ఒంటరిగా వెళ్లే, ఎక్కువసేపు నిలబడలేని పెద్దవాళ్లు నా లెక్కలో ఆ అవసరమున్నవారే.

మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండాలి. తెనాలి నుంచి ఒక జంటకు వాళ్ల అబ్బాయి ఇంటర్నెట్‌లో చవకగా దొరికాయని రెండు వేర్వేరు టికెట్లు తీశాడు. న్యూయార్క్ వరకు ఒకటి, అక్కడి నుంచి డల్లాస్‌కు ఇంకొకటి. చాలామందికి తెలియని విషయం ఒకటి ఇక్కడ ఉంది. మామూలుగా అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేయాలి, సామాను అంతా తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఆ ఇద్దరూ నాలుగు పెద్ద పెట్టెలతో అంతా ముగించుకుని వేరే టెర్మినల్‌కు చేరేసరికి విమానం వెళ్లిపోయింది. టికెట్లు వేరు కాబట్టి రెండో సంస్థకు ఎలాంటి బాధ్యతా లేదు. కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది, రాత్రంతా కుర్చీల్లోనే గడిచింది. ఒకే టికెట్ అయి ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత సంస్థదే అయ్యేది.

దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల గొప్పతనం ఇదే. అమెరికాలో దిగే మొదటి ఊరు డల్లాసే, అక్కడి ఇమిగ్రేషన్ ముగిసి తలుపు దాటితే మీరు కనిపిస్తారు. న్యూయార్క్ లేదా షికాగో మీదుగా వెళ్తే ఆ తతంగం దారి మధ్యలో పడుతుంది. అబూదాబీది వేరే కథ. అక్కడ విమానం ఎక్కకముందే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తవుతుంది, అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుడిలా బయటికి నడిచిపోవచ్చు. డల్లాస్‌కు మాత్రం మళ్లీ ఒకసారి మారాలి కాబట్టి మీ విషయంలో అది లాభించదు.

ఢిల్లీ మీదుగా వెళ్లే దారి డిసెంబరు, జనవరి నెలల్లో నేను పెద్దవాళ్లకు సూచించను. అక్కడి పొగమంచు ఒక్క ఉదయంలో మొత్తం ప్రయాణాన్ని తలకిందులు చేస్తుంది. డల్లాస్ వైపున ఇబ్బంది పెట్టేది ఏప్రిల్ నుంచి జూన్ వరకు వచ్చే ఉరుముల గాలివానలు, వడగళ్లు. అలాంటప్పుడు విమానాలను గాలిలో తిప్పుతూ ఉంచడమో, పక్క ఊరికి పంపడమో చేస్తారు. జూన్‌లో ఆ అవకాశం కొంత ఉంటుంది కాబట్టి ఆ రోజు మీరు ఇంకో పని పెట్టుకోకండి.

యూరప్ దారి గురించి ఒక్క మాట. లండన్ లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే రెండు అంచెలూ పది గంటలకు అటూ ఇటూ ఉంటాయి, పదహారు గంటల ఏకబిగి కూర్చోవడం ఉండదు. మోకాళ్ల నొప్పులు, కాళ్ల వాపులు ఉన్నవారికి ఇది నచ్చుతుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే అక్కడ విమానం మారడానికి మామూలుగా వేరే వీసా అడగరు. అయినా ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు సంస్థను అడిగి నిర్ధారించుకోండి.

ఇప్పుడు ఆ పదహారు గంటల సంగతి మీ అమ్మగారికి ముందే చెప్పాల్సిన తీరులో చెబుతాను. దోహాలో ఉదయం ఎనిమిదింటికి విమానం లేస్తుంది, ఎండ ఉంటుంది. పడమరగా, యూరప్, ఉత్తర అట్లాంటిక్, కెనడా మీదుగా సూర్యుడి వెంటే వెళ్తుంది. జూన్‌లో అంత ఉత్తరాన పొద్దు సరిగా గుంకదు కూడా. డల్లాస్‌లో దిగేటప్పుడు సాయంత్రం నాలుగు, అప్పుడూ ఎండే. దారి పొడవునా బయట చీకటి పడదు. లోపల మాత్రం భోజనాలయ్యాక దీపాలు ఆర్పి, కిటికీలు మూయమంటారు. పక్కవాళ్లు నిద్రపోతుంటారు. ఆవిడ కిటికీ రేకు కాస్త పైకి జరిపితే కళ్లు చెదిరే తెల్లటి వెలుతురు లోపలికి కొడుతుంది. రాత్రో పగలో తెలియక కంగారుపడిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ముందే చెబితే ఆ కంగారు ఉండదు.

దీనికీ మందులకూ సంబంధం ఉంది. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు రోజూ ఒక వేళకు వేసుకునేవారు ఊళ్ల గడియారాలను చూసి వేసుకుంటే లెక్క తప్పుతుంది. చేతికి ఉన్న గడియారాన్ని డల్లాస్ చేరేవరకు మన సమయంలోనే ఉంచమనండి, అలవాటైన వేళకే మాత్ర వేసుకోమనండి. చేరాక ఎలా మార్చాలన్నది, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. మందులన్నీ, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి. ఒకావిడ మాత్రలను పెద్ద పెట్టెలో సర్దారు, ఆ పెట్టె రెండు రోజులు ఆలస్యంగా చేరింది. ఆ రెండు రోజులు వాళ్ల అమ్మాయి పడిన ఆందోళన నాకు తెలుసు. రెండు గంటలకోసారి లేచి నడవమనండి, బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానొద్దని చెప్పండి. నడవా పక్క సీటు తీసుకోండి.

మీరు అక్కడి నుంచి ఫోన్లో విమానాన్ని చూస్తూ ఉంటారు. సముద్రం మీద, గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా వైపు ఆ విమానం బొమ్మ కాసేపు కదలకుండా నిలిచిపోవడమో, మాయమవడమో జరగవచ్చు. నేల మీద సంకేతాలు అందుకునే కేంద్రాలు అక్కడ తక్కువ. దానికి భయపడకండి, ఖమ్మంలో ఉన్న నాన్నగారికీ చెప్పి ఉంచండి.

డల్లాస్‌లో ఈ విమానాలు టెర్మినల్ ‘డి’లో దిగుతాయి. ఇమిగ్రేషన్ వరుస ఒక్కోరోజు అరగంటలో అయిపోతుంది, ఒక్కోరోజు రెండు గంటలు పడుతుంది. మీ చిరునామా, ఫోను నంబరు, ఎన్నాళ్లుంటారో ఇంగ్లీషులో రాసిన కాగితం, తిరుగు టికెట్ నకలు పాస్‌పోర్టుతో పాటు పెట్టండి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు, మాంసం పచ్చళ్లు వద్దు. తెచ్చిన తినుబండారాల గురించి అడిగితే ఉన్నవి ఉన్నట్టు చెప్పమనండి. దాచి దొరికితే అక్కడ గంటలు పోతాయి, జరిమానా కూడా పడవచ్చు. ఇమిగ్రేషన్, సామాను, ఫ్రిస్కోకు కారు అన్నీ కలిపి దిగాక రెండున్నర గంటలు వేసుకోండి. రాత్రి ఏడింటికి ఖమ్మంలో బయలుదేరిన మనిషి, ఇక్కడి ఎనిమిదిన్నర గంటలు, విమానాల 23, అక్కడి రెండున్నర కలిపితే 34 గంటలకు మీ ఇల్లు చేరతారు. ఆ సాయంత్రం బంధువులనూ స్నేహితులనూ పిలవకండి. వేడి నీళ్ల స్నానం, పెరుగన్నం, తొమ్మిదింటి వరకు ఎలాగోలా మేలుకొని ఉండటం, అంతే. పగలు రాత్రి దాదాపు తారుమారవుతాయి కాబట్టి నిద్ర దారిలో పడటానికి వారం పది రోజులు పడుతుంది, మధ్యాహ్నాలు నిద్రపోతుంటే కోప్పడకండి.

మీ రెండు టికెట్లలో నేనైతే దోహా టికెట్‌నే ఉంచుతాను, వీలైతే విరామం మూడు గంటలు దాటే రోజుకు మార్పిస్తాను. రెండోది, ఢిల్లీలో ఒకసారి, న్యూయార్క్‌లో ఒకసారి మారే 31 గంటల టికెట్, చవకే కానీ ఒంటరిగా వెళ్లే మొదటి ప్రయాణానికి అది వద్దు.

తిరుగు ప్రయాణం నవంబరు చివర్లో అన్నారు. అప్పటికి గడియారం మారి ఉంటుంది, తేడా పదకొండున్నర గంటలు. డల్లాస్‌లో బుధవారం సాయంత్రం ఆరింటికి ఎక్కితే శంషాబాద్‌లో శుక్రవారం తెల్లవారుజామున రెండున్నరకు దిగుతారు. తేదీలు చూస్తే రెండు రోజులు మారినట్టు కనిపిస్తుంది, నిజానికి 21 గంటల ప్రయాణమే. ఖమ్మం నుంచి కారు గురువారం రాత్రే బయలుదేరాలి. తిరుగు టికెట్ ఖాయం చేసేముందు మరొకటి చూసుకోండి. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చన్నది వీసా మీద ఉన్న తేదీ చెప్పదు, దిగినప్పుడు అధికారి ఇచ్చిన గడువు చెబుతుంది. అది ఐ-94 పత్రంలో ఉంటుంది. అమ్మ దిగిన రెండు మూడు రోజుల్లో దాన్ని ఇంటర్నెట్‌లో తెరిచి, పేరు, పాస్‌పోర్టు నంబరు, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూడండి. నవంబరు చివరి తేదీ ఆ గడువు లోపలే ఉండాలి.